దీవి తలరాయి

మొన్న వానలకి ముందు మా కోడలు వంటగది మార్పించింది. పాత గట్టు పగలగొట్టించి, నున్నటి పలక వేయించి, గోడ నిండా తలుపుల అరలు పెట్టించింది. సామానంతటికీ ఎక్కడో ఒక చోటు దొరికింది గాని, మూలనున్న రుబ్బురోలుకి మాత్రం దొరకలేదు. "అత్తయ్యా, ఇందులో పిండి రుబ్బి ఎన్నాళ్ళయింది?" అని నెమ్మదిగా అడిగింది. అంత నెమ్మదిగా ఎందుకడిగిందో నాకు తెలుసు. "డాబా మీద పెట్టించుకోవే" అన్నాను.

నలుగురు కూలీలు తాళ్ళు కట్టి, మెట్టుమెట్టుకీ ఆగి, నావంక కొరకొరా చూస్తూ పైకి మోశారు. దించాక వాళ్ళలో పెద్దవాడు చెమట తుడుచుకుంటూ, ఇంత బరువు రాయి ఎక్కడినుంచి తెచ్చుకున్నారు మాజీ అని హిందీలో అడిగాడు. నదిలోంచి, అక్కడ ఒక దీవి ఉండేది అన్నాను. ముసలావిడకి మతి చెడిందనుకున్నాడు కాబోలు, తలూపి దిగిపోయాడు. అతన్ని అనడానికేం లేదు. టాటానగర్‌లో, ఈ కద్మా పేటలో నా ఈడు వాళ్ళని అడిగినా ఆ దీవి సంగతి చెప్పేవాళ్ళు దొరకరు.

నాకు అప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళు. ఇదే ఊళ్ళో, సోనారి పేట చివర, నదికి దగ్గరగా ఉన్న బస్తీలో ఉండేవాళ్ళం. మా వీధంతా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళే. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్నని కన్నతల్లి, మా మామ్మే, ఇల్లు నడిపేది. ఆవిడ తెలుగులో పిలిస్తే నేను కావాలని హిందీలో పలికేదాన్ని. "క్యా హై" అన్నానంటే ఆవిడకి ఒళ్ళు మండిపోయేది.

"ఏటే గుంటా, క్యా క్యా అని కాకిలాగ అరుత్తావు! మనోల మాట నోట్లోకి రాదేటి?" అంటూ చీపురు తీసేది. నేను సందులోంచి నది వైపు పరుగు.

నాన్న ఉక్కు కార్ఖానాలో కాంట్రాక్టు మేస్త్రీ కింద పనిచేసేవాడు. కొలిముల లోపల అరిగిపోయిన ఇటుకలు తీసి కొత్తవి పేర్చడం ఆయన పని. ఇంటికొచ్చేసరికి చొక్కాకి కాలిన మట్టివాసన. కాని ఆయన పుట్టింది రాళ్ళు చెక్కే ఇంట్లో. తాతలనాటి ఉలులు, సుత్తులు గోనెసంచీలో చుట్టి మంచం కింద దాచుకునేవాడు. ఆదివారం ఎప్పుడైనా వాటిని బయటికి తీసి, నూనె రాసి, మళ్ళీ చుట్టి లోపల పెట్టేసేవాడు. ఆ పూట ఆయనతో ఎవరూ మాట్లాడేవాళ్ళం కాదు.

దీవి మా రేవుకి ఎదురుగా, నది నడుమ ఉండేది. నాలుగు పెరళ్ళు కలిపితే ఎంతుంటుందో అంత. ఎగువ కొసన ఎడ్లబండి అంత నల్లరాయి. దాని వెనకాల దిగువకి సన్నగా సాగిన ఇసక, ఇసక మీద ఒండ్రు, ఒండ్రులో దోసపాదులు, పుచ్చపాదులు. చలికాలం వచ్చిందంటే నీళ్ళు మోకాలి లోతే. రాళ్ళమీద గెంతుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళం. నల్లరాయి పక్కన అటూ ఇటూ నీళ్ళలో మెత్తటి రాయి ఉండేది, గోటితో గిల్లితే ఆకులు ఆకులుగా ఊడివచ్చేది. దాని పొడి కాకిబంగారంలా తళతళలాడేది. బుగ్గలకి పూసుకుని పెళ్ళికూతుళ్ళాట ఆడేవాళ్ళం. ఇంటికెళ్ళాక మామ్మ ఆ మెరుపంతా పీచుపెట్టి తోమేది. బుగ్గలు మండిపోయేవి.

నాతో ఆడిన పిల్ల దీవి మీదే ఉండేది. వాళ్ళమ్మని నేను మౌసీ అనేదాన్ని. అవతలి ఒడ్డు అడవిపల్లెలో పుట్టిన మనిషి. దసరా వెళ్ళాక తల్లీకూతుళ్ళు మూటలతో దిగి, ఆకులతో గుడిసె వేసుకుని, మళ్ళీ వానలు మొదలయ్యేదాకా అక్కడే కాపురం. పొద్దుటిపూట పాదులకి నీళ్ళు, ఆ తరువాత బంగారం. అవును, బంగారమే. చెక్కతో చేసిన వెడల్పాటి పళ్ళెంలో ఇసక వేసి, నీళ్ళలో తిప్పి తిప్పి, పైది పోనిచ్చి, అడుగున మిగిలిన నల్లటి నలుసులో ఒక్క పసుపుచుక్క కోసం కళ్ళు చిట్లించుకుని చూసేది. సాయంత్రానికి నువ్వుగింజలో సగం దొరికితే ఆ రోజు మంచిరోజు. దాన్ని వెదురుగొట్టంలో వేసి, మూతబెట్టి, కొంగున కట్టుకునేది.

నేనోసారి కాకిబంగారం దోసిలినిండా తీసుకెళ్ళి, "మౌసీ, చూడు ఎంత దొరికిందో" అన్నాను. ఆవిడ నవ్వి, పళ్ళెం నా ముందు పెట్టింది. అందులో సన్నటి ఇసక, నీళ్ళు పోసింది. ఒక కొసన గులకరాయి పెట్టింది. పళ్ళెం మెల్లగా వాల్చి నీళ్ళు పారనిచ్చింది. ఇసకంతా కొట్టుకుపోయింది గాని, గులకరాయి వెనకాల మాత్రం తోకలా కొంచెం ఆగింది. "యహీ టాపూ హై" అంది. ఇదే మన దీవి. తరువాత గులకరాయిని రెండువేళ్ళతో తీసేసింది. తోక కాసేపు నిలబడి, కరిగి, పోయింది. నేను చప్పట్లు కొట్టాను. ఎంత వెర్రిదాన్నో.

మా నాశనమంతా రొట్టెపిండిలో మొదలైంది. ఊరినుంచి రైలెక్కి వచ్చిన మామ్మ రోలు ఎప్పుడో బీట తీసింది. ఇక్కడ బజారులో దొరికేవి నూరుడు బండలు. వాటి మీద మసాలా నూరుకోవచ్చు గాని, నానేసిన మినపప్పు రుబ్బాలంటే రోలు ఉండాలి కదా. ఉన్నదాంట్లో కానిద్దామని ఇక్కడి మెత్తరాతితో చేసిన రోలొకటి కొన్నారు. పప్పుతోపాటు రోలు కూడా అరిగి పిండిలో కలిసేది. మామ్మ వెన్నంత తెల్లగా రుబ్బి దిబ్బరొట్టె కాల్చేది, మేము నోట్లో పెట్టుకుంటే కరకర.

"ఇది రొట్టేటి? ఏటిగట్టు తింటన్నట్టున్నాది" అని ఆవిడే ఉమ్మేసేది. "పీనుగు రాళ్ళు. మనూరి నల్లరాయైతే గంటలాగ పలికీది. ఈ దేశంలో మంచి రాయే పుట్టనేదురా బాబూ."

నాన్న తల దించుకుని తినేవాడు. రాళ్ళు చెక్కే ఇంటి కోడలు రాయిలేక ఏడుస్తోంది. ఆ మాట ఆయనకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలేది.

నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. "దీవి మీద నల్లరాయి కొడితే గంటలాగే మోగుతుంది మామ్మా" అన్నాను. నిజంగానే మోగేది. మేమిద్దరం గులకరాళ్ళతో దాన్ని కొట్టి బడిగంట ఆట ఆడేవాళ్ళం. ఆ మాట తెలుగులోనే అన్నాను, మామ్మ మెచ్చుకోవాలని. జీవితంలో నేనన్న మాటల్లో ఒక్కటి వెనక్కి తీసుకోమంటే అదే తీసుకుంటాను.

నాన్న ముద్ద చేతిలోనే ఉంచి నా వంక చూశాడు. ఆదివారం నన్ను వెంటబెట్టుకుని నది దాటాడు. చిన్నసుత్తితో రాయిని ఒకచోట తట్టి, చెవి ఆనించి విన్నాడు. ఇంకోచోట తట్టాడు. దాని చుట్టూ తిరిగి, పక్క రాళ్ళకీ దీనికీ మధ్య ఉన్న గీతని వేలితో తడిమాడు. "సూడే, ఇది ఇక్కడి రాయి కాదు. ఒకప్పుడు మన కొలిమిలో ఇనుంలాగ కరిగి, భూమి లోపల్నించి పగుల్లో దూరొచ్చింది. ఇక్కడే గడ్డకట్టుకుపోనాది. సుట్టూ ఉన్నదంతా ఏరు తినేసినాది, దీన్ని తిన్నేకపోనాది" అన్నాడు. కొలిమి పనివాడికి అది ఎలా అర్థమైందో అలా చెప్పాడు. ఆయన ముఖంలో అంత వెలుగు నేను అంతకుముందు చూడలేదు.

మౌసీ వచ్చి కిందపడి ఉన్న చిన్నబండలు చూపించింది, అవి తీసుకో అంది. నాన్న వాటిని తట్టాడు. అన్నిట్లోనూ నెర్రెలు, గంటలా మోగక డొల్లగా పలికాయి. ఆయన పెద్ద నల్లరాయి భుజానికి ఉలి ఆనించాడు. మౌసీ ఎదురొచ్చి నిలబడింది. "మత్ తోడ్ బాబూ, యే టాపూ కా మాథా హై" అంది. కొట్టొద్దు, ఇది దీవికి తల.

"ఇంత బండకి ఒక్క రోలు తీత్తే ఏటవుద్దమ్మా!" అన్నాడు నాన్న. తెలుగులోనే అన్నాడు. ఆవిడకి అర్థమైంది.

రాతిలో వరసగా గుంటలు తొలిచి, ఇనప చీలలు దిగగొట్టి, రాయి విడిపోయేదాకా రెండు ఆదివారాలు. చెక్కడానికి మరో మూడు. నది దాటించడానికి దుంగల మీద దొర్లించాం. వీధి మగవాళ్ళంతా తలో చెయ్యీ వేశారు. మామ్మ దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, రాతిపొడి పోయేదాకా మూడురోజులు తవుడు రుబ్బింది. నాలుగోరోజు మినపప్పు. ఆ దిబ్బరొట్టె వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. పైన ఎర్రగా పెళుసు, లోపల దూది. బెల్లంపాకంతో తిన్నాం. ఒక ముక్క ఆకులో పెట్టి మౌసీకి పంపింది మామ్మ. తల్లీకూతుళ్ళు నల్లరాయి నీడలో కూర్చుని తిన్నారు, బాగుందన్నారు. అక్కడితో ఆగి ఉంటే నేనివాళ ఇది చెప్పే అవసరం ఉండేది కాదు.

వాసన ఊరుకుంటుందా! వారం తిరక్కుండా వీధిలో రెండో ఇంటివాళ్ళు వచ్చారు. తరువాత కద్మా నుంచి, టెల్కో కాలనీ నుంచి, టాటానగర్ రైల్వే క్వార్టర్లనుంచి. "మేస్త్రీగారూ, మా ఇంటిది మూడేళ్ళబట్టి ఏడుత్తన్నాదండి, అట్టు తిని ఎరగం" అని పెద్దపెద్దవాళ్ళు మా మడతమంచం మీద కూర్చుని బతిమాలేవారు. కార్ఖానాలో నాన్నని ఎవడూ పేరు పెట్టి కూడా పిలిచేవాడు కాదు. ఇక్కడ మేస్త్రీగారు. కాదనలేకపోయాడు. అడిగినవాళ్ళే వచ్చి సాయం పట్టేవారు, ఒక్కో ఆదివారం రెండేసి రోళ్ళ రాయి విడిపోయేది. ఆ చలికాలం, ఆ ఎండాకాలం ప్రతి ఆదివారం నదిలోంచి కంగు కంగుమని ఉలి చప్పుడు. మామ్మ వాకిట్లో కూర్చుని, "మావోడే" అని దారినపోయేవాళ్ళకి చెప్పేది. నేనూ చెప్పేదాన్ని.

తల తరిగిపోతూ వచ్చింది. నడుం ఎత్తుకి దిగింది, తరువాత మోకాలి ఎత్తుకి. మౌసీ నాన్నతో మాట్లాడబోతే ఆయన సుత్తి చప్పుడు పెంచేవాడు. అప్పటికి సిగ్గు మొదలైందని నా అనుమానం. ఒకరోజు ఆవిడ మా ఇంటికే వచ్చింది, మొదటిసారి. గుమ్మం బయట కూర్చుని, పెద్ద దోసకాయలు రెండు మామ్మ ముందు పెట్టింది. నువ్వు చెప్పు అమ్మా, నీ కొడుకు నీ మాట వింటాడు అంది. మామ్మకి హిందీ అంతగా రాదు. వచ్చినంతవరకూ అర్థం చేసుకుంది.

"ఏరు మా ఊర్లోనూ ఉన్నాది. ఇక్కడ తీసినకాడ ఇంకోకాడ ఏత్తాది. లంకలు పుట్టీవే పోయీవే. దానికేటమ్మా?" అంది. నన్ను చెప్పమంది. నేను హిందీలో చెప్పాను. మౌసీ లేచి వెళ్ళిపోయింది. మామ్మ ఆ దోసకాయలతో పచ్చడి రుబ్బింది, కొత్త రోట్లోనే.

మామ్మ అబద్ధం చెప్పలేదు. ఆవిడ పుట్టింటి ఏరు మెత్తటిది, మట్టితో ఆడుకునే ఏరు, ఏటా లంకలు వేస్తుంది, తీస్తుంది. ఈ నదికి అడుగంతా రాయి. రాయి ఎక్కడ నిలిస్తే అక్కడే నేల. ఆ తేడా ఆవిడకి తెలీదు. నాన్నకి తెలిసి ఉండాలి. ఆయన వేలితో తడిమిన గీత ఆయనకి చెప్పే ఉంటుంది.

వానలకి ముందు అమ్మవారి సంబరం వచ్చింది. ప్రసాదాల వంటకి గుడి దగ్గర పెద్దరోలు కావాలన్నారు. అమ్మవారి పని, కాదనడం ఎలా. మిగిలిన రాయి మొదలంతా పోతేగాని అంత రోలు రాదు. "ఇదే ఆకరుది" అన్నాడు నాన్న. మిగిలే ముక్కలో నాకు బొమ్మరోలు చేసిపెడతానన్నాడు, గుప్పెడంత, రుబ్బుడుపొత్రంతో సహా. నేను ఆ ఆశతో రెండురాత్రులు సరిగ్గా నిద్రపోలేదు.

ఆ శనివారం మౌసీ మూటలు కట్టుకుంటోంది. ఆకాశం మబ్బేసింది, ఇక వాళ్ళు దీవి వదిలే రోజులు. నన్ను పిలిచి రెండు భుజాలూ పట్టుకుంది. మీ నాన్న నా మాట వినడు, నువ్వు చెప్పు బేటీ, నీళ్ళ కింద ఇంకా మొదలు మిగిలింది, దాన్ని ముట్టుకోకపోతే చాలు, ఇసక నిలుస్తుంది అంది. ఆవిడ చేతులు చల్లగా, నదిలో నానినానీ ముడతలు పడి ఉన్నాయి. నేను తలూపాను.

ఇంటికొచ్చాను. నాన్న ఉలులు నూరుకుంటున్నాడు. "ఏటే, ఏదో సెప్పాలని నిలబడ్డావు?" అన్నాడు. ఏం లేదు అన్నాను. బొమ్మరోలు పోతుందని భయం. అంతకుమించి ఏ కారణమూ లేదు. ఇన్నేళ్ళుగా వెతుకుతున్నాను, నా మనసుకి నచ్చజెప్పుకోవడానికి ఇంకో కారణం ఒక్కటీ దొరకలేదు.

రాయి మొదలు పెకిలి లేచింది. సంబరానికి గారెలు బ్రహ్మాండంగా వచ్చాయన్నారు. నా బొమ్మరోలు కూడా వచ్చింది. దాంట్లో ఇటుకపొడి రుబ్బి పసుపన్నాను, ఆకులు రుబ్బి గోంగూరన్నాను.

ఆ ఏటి వానలు మరీ అంత పెద్దవేం కావు. అంతకుముందు ఇంకా పెద్దవి చూశామని అందరూ అన్నారు. నీళ్ళు ఎర్రగా వచ్చాయి, దీవిని కప్పాయి, ప్రతి ఏడూ కప్పుతాయి కదా అనుకున్నాం. భాద్రపదం వెళ్ళాక నీళ్ళు దిగాయి. దీవి పైకి రాలేదు. నాన్న మొలలోతు నీళ్ళలో వెళ్ళి కాళ్ళతో తడిమి చూసి వచ్చాడు. కాలికి నున్నటి రాయి తగులుతోంది, ఇసక రవ్వ లేదు. మామ్మ మాత్రం, "ఎక్కడో దిగువని ఏసుంటాది, ఎతకండ్రా" అంది. ఎవరూ వెతకలేదు. వెతికినా లేదు.

దసరా అయిన నాలుగోరోజు వాళ్ళు వచ్చారు. ఎప్పటిలాగే నెత్తిన మూటలు, గింజల సంచీ, చెక్కపళ్ళెం. నేను రేవులో బట్టలు జాడిస్తున్నాను, నాన్న పక్కనే స్నానం చేస్తున్నాడు. మౌసీ ఒడ్డున ఆగింది. నదిని ఎగువనుంచి దిగువకి ఒకసారి చూసింది, మళ్ళీ చూసింది. వేరే రేవుకి వచ్చామేమో అన్నట్టు వెనక్కి తిరిగి దారిని చూసింది. అప్పుడు మూట దించి దానిమీద కూర్చుంది. నాన్న తడిబట్టలతో ఆవిడ ముందుకెళ్ళి, "దీదీ" అని ఒక్కమాట అని ఆగిపోయాడు.

మౌసీ నా వంక చూసింది. చెప్పావా అని అడగలేదు. నా ముఖంలోనే చూసేసింది.

నేను ఇంటికి పరిగెత్తి బొమ్మరోలు తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టాను. ఇంకేం ఇవ్వాలో నాకు తెలీలేదు. అది దాన్ని తిప్పి చూసింది. ఆ రంగు, ఆ నునుపు దానికి తెలియనివా! లంగా ఎత్తి పట్టుకుని నీళ్ళలోకి నడిచింది. తల ఉండే చోటు దానికి కళ్ళు మూసుకున్నా తెలుసు. అక్కడ వంగి, రోలుని రెండుచేతులతో అడుగున పెట్టి, కదలకుండా అదిమింది. ఒడ్డుకొచ్చి నా పక్కన నిలబడింది. "అబ్ బాలూ రుకేగా" అంది. ఇప్పుడు ఇసక ఆగుతుంది.

ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. చాలాసేపు చూశాం. మౌసీ వచ్చి దాని చెయ్యి పట్టుకుని, మూట ఎత్తుకుని నడిచిపోయింది. ఆ పిల్ల వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది, నన్ను కాదు, నీళ్ళని. ఆ తరువాత వాళ్ళు ఎక్కడ బతికారో, బతికారో లేదో, నాకు తెలీదు. ఇటుకబట్టీల్లో, సంతల్లో, రైలు ప్లాట్‌ఫారాల మీద ఎందరి ముఖాల్లో వెతికానో.

నాన్న ఉలుల సంచీ ఆ సాయంత్రమే నదిలో పడేసి వచ్చాడు. మళ్ళీ ఎవరూ ఆయన్ని మేస్త్రీగారూ అని పిలవలేదు. ఆయన పోయేముందు కూడా ఆ మాట ఎత్తలేదు. నేను మౌసీ కబురు దాచానని ఆయనకి చెప్పలేదు. తప్పంతా తనదేననుకుంటూ పోయాడు.

పదేళ్ళు తిరక్కుండా ఇంటింటికీ మిక్సీలు వచ్చాయి. మా దీవి తల ముక్కలు ముక్కలుగా ఊరంతా ఉంది. మామ్మ రోలు, ఇప్పుడు డాబా మీదున్నది, నా వంతుకొచ్చింది. టెల్కో కాలనీలో ఒకరింటి పెరట్లో బోర్లించి దానిమీద బట్టలుతుకుతున్నారు. కద్మాలో ఒకటి గేటు ఊగకుండా అడ్డం పెట్టారు. గుడి రోలు పగిలితే ప్రహరీగోడ పునాదిలో వేశారు. మేము తిన్నది పదేళ్ళ అట్లు.

నిన్న మొదటి పెద్దవాన కురిసింది. వెలిశాక డాబా ఎక్కాను. నీళ్ళు తూము వైపు పారుతున్నాయి. రోలు దగ్గరికి వచ్చి, రెండుగా చీలి, అటూ ఇటూ పోతున్నాయి. దాని వెనకాల జానెడు పొడవున సన్నటి బురద ఆగింది, తోకలాగా. ఎక్కడినుంచి కొట్టుకొచ్చిందో ఒక గడ్డిగింజ అందులో చిక్కుకుని ఉంది. మోకాళ్ళు నొప్పెడుతున్నా కింద కూర్చుండిపోయాను. ఇన్నేళ్ళు వంటింటి మూలన పడేసినా ఆ రాయి తన పని మరిచిపోలేదు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

కోడలు చీపురు పట్టుకుని పైకి వచ్చింది. "అయ్యో, తడిలో కూర్చున్నారేంటి అత్తయ్యా? కొంచెం జరగండి, ఆ బురద కడిగేస్తాను" అంది. ఆగమని చెప్పాలనుకున్నాను. ఎందుకని అడిగితే మొదటినుంచీ చెప్పాలి. లేచి, చిన్నప్పుడు నాన్న ముందు నిలబడ్డట్టే నిలబడి, ఏం లేదన్నాను. జరిగాను.